రాళ్లెక్కే ఆర్సీ బండికి బరువు ఎక్కడ ఉండాలి: వంటింటి త్రాసు నుంచి ఖాజాగూడ గుట్ట దాకా

హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టల్లో నేను ఆదివారాలు పొద్దున్నే వెళ్లే పరుపు బండ ఒకటుంది. మొదట పదడుగులు మెల్లగా సాగి, ఆ తర్వాత ఒక్కసారిగా నిక్కుతుంది. సరిగ్గా అక్కడే నా 1/10 సైజు క్రాలర్, అంటే రాళ్లెక్కే రిమోట్ బండి, రెండు నెలల పాటు ఒకటే పని చేసింది. ముందు చక్రాలు గాల్లోకి లేచేవి, బండి నిదానంగా వెనక్కి వాలేది, టాప్ మీద పడి తిరగబడ్డ తాబేలులా కాళ్లు ఆడించేది. పక్కన నిలబడ్డ మా మేనల్లుడు "మామా, మల్ల పల్టీ" అంటూ లెక్క చెప్పేవాడు.

టైర్లు మార్చాను. మోటారు మార్చాను. రెండింటికీ డబ్బులు పోయాయి, పల్టీ మాత్రం పోలేదు. చివరికి బండి ఎక్కింది ఎప్పుడంటే, టాప్ మీది క్యారియర్ విప్పేసి బ్యాటరీని వెనక నుంచి ముందుకు జరిపాక. ఖర్చు రెండు జిప్ టైలు. ఇత్తడి ముక్కలు కొనేముందు ఎవరైనా ఈ సంగతి చెప్పుంటే బాగుండేదని అప్పుడు అనిపించింది. అందుకే ఈ గైడ్ ఆ వరుసలోనే నడుస్తుంది: ముందు తూచడం, తర్వాత తీసేయడం, తర్వాత జరపడం, అన్నిటికంటే చివర బరువు చేర్చడం.

బండి వెనక్కి ఎందుకు పడుతుంది

ఎడ్లబండికి బస్తాలు ఎత్తినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బస్తాలన్నీ వెనక పడితే కాడి పైకి లేస్తుంది. అన్నీ ముందుకు తోస్తే బరువంతా ఎడ్ల మెడ మీద పడుతుంది. అందుకే బండివాడు కాడిని ఒక చేత్తో ఎత్తి చూసి, అవసరమైతే ఒక బస్తా ముందుకు జరుపుతాడు. దారిలో గట్టు ఎక్కాల్సి ఉంటే ఇంకాస్త ముందుకు. మనం చేయబోయేది అదే పని, కాకపోతే బస్తా బదులు 190 గ్రాముల బ్యాటరీ.

బడిలో గరిమనాభి అని చదువుకున్నాం కదా, ఈ హాబీలో దాన్నే సీజీ అంటారు. బండి బరువంతా ఒకే బిందువులో ఉన్నట్టు లెక్కేసుకుంటే ఆ బిందువే సీజీ. అది ఎంత ముందుకు ఉంది, నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఈ రెండు అంకెలు తెలిస్తే బండి గుణం చాలావరకు తెలిసినట్టే.

ఎత్తు ఎక్కుతుంటే బరువు వెనక చక్రాల మీదికి జరుగుతుంది. ఎంత జరుగుతుందో చెప్పే లెక్క చిన్నది. చదునులో ముందు చక్రాల మీద ఉన్న వాటా నుంచి, సీజీ ఎత్తును వీల్‌బేస్‌తో (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరంతో) భాగించి వాలు ట్యాంజెంట్‌తో గుణించగా వచ్చినది తీసేయాలి. 45 డిగ్రీల వాలుకు ట్యాంజెంట్ 1 కాబట్టి అక్కడ లెక్క నోటితోనే అయిపోతుంది.

నా బండి అంకెలే తీసుకోండి. వీల్‌బేస్ 313 మి.మీ., మొత్తం బరువు 2800 గ్రాములు, ముందు 1400, వెనక 1400, సీజీ ఎత్తు 98 మి.మీ. 45 డిగ్రీల మీద ముందు వాటా 0.50 నుంచి 0.31 పోగా 0.19. అంటే చదునులో సగం బరువు మోసిన ముందు చక్రాలు, బండ మీద ఐదో వంతు కూడా మోయడం లేదు. మోయని టైరు పట్టుకోదు. బండలో చిన్న మెట్టు వచ్చినా, రిమోట్ మీది ట్రిగ్గర్ కాస్త గట్టిగా నొక్కినా, ఆ కొంచెం కూడా పోయి ముందు లేస్తుంది.

ఈ లెక్కలో రెండు మీటలున్నాయి చూశారా? ముందు వాటా పెంచడం ఒకటి, ఎత్తు తగ్గించడం ఇంకొకటి. చాలామంది మొదటిదాని వెంటే పడతారు. నాకైతే రెండోదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే దిగేటప్పుడు, పక్కవాలులో వెళ్లేటప్పుడు కూడా పనికొచ్చేది అదే. ముందు వాటా పెంచితే ఎక్కడానికి లాభం, దిగడానికి నష్టం. ఎత్తు తగ్గిస్తే ఎటు చూసినా లాభమే.

మొదటి పని: తూచడం

వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు చాలు. 5 కిలోల దాకా తూగేది, ఒక గ్రాము తేడా చూపించేది అయితే సరిపోతుంది. ఇంట్లో అడిగి తీసుకోండి, తిరిగి ఇచ్చేముందు తుడవండి.

బండిని గుట్ట మీదికి వెళ్లే స్థితిలోనే తూచాలి. బ్యాటరీ, బాడీ, స్పేర్ టైరు, బంపరుకు వేలాడదీసిన బొమ్మ జాకీ, అన్నీ ఉండాలి. త్రాసు మీద ఒక చిన్న చెక్క పెట్టి సున్నా చేసి, ముందు చక్రాలు రెండూ దాని మీద నిలబెట్టండి. వెనక చక్రాల కింద, త్రాసూ చెక్కా కలిపి ఎంత ఎత్తున్నాయో అంతే ఎత్తు పుస్తకాలు పెట్టాలి. ఇది వదిలేస్తే అంకె తప్పు వస్తుంది. నా బండికి 20 మి.మీ. ఎత్తు తేడాకే 26 గ్రాములు అటూ ఇటూ అవుతాయి, అంటే దాదాపు ఒక శాతం.

ముందు, వెనక తూచాక కుడి, ఎడమ కూడా చూడండి. 30 గ్రాముల లోపు తేడా ఉంటే నేను పట్టించుకోను. అంతకు మించితే రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునేది) పెట్టె, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసేది), వైర్ల కట్ట ఏ పక్కన ఉన్నాయో చూసి జరుపుతాను.

రెండో పని: సీజీ ఎత్తు కొలవడం

దీన్ని చాలామంది వదిలేస్తారు. లెక్కకు భయపడేవాళ్లకు ఒక సులువు పద్ధతి ఉంది, ముందు అది చెప్తాను.

రెండడుగుల ప్లైవుడ్ ముక్క తీసుకుని, ఒక అంచు పొడవునా సన్నటి పట్టీ కొట్టండి. బండిని అడ్డంగా నిలబెట్టి, కింది వైపు టైర్లు ఆ పట్టీకి ఆనేలా చూడండి, లేకపోతే పల్టీకి ముందే జారిపోతుంది. ఇప్పుడు రెండో అంచును మెల్లగా ఎత్తుతూ పోండి. ప్లైవుడ్‌కు ఫోను ఆనించి లెవెల్ యాప్ తెరిస్తే కోణం కనిపిస్తుంది. పై వైపు టైర్లు చెక్కను వదిలిన కోణం రాసుకోండి. కుడి పక్క ఒకసారి, ఎడమ పక్క ఒకసారి. బండిని పొడవుగా పెట్టి, ముక్కు పైకి ఒకసారి, ముక్కు కిందికి ఒకసారి. బండి పడకుండా ఒక చేయి పక్కనే ఉండాలి. ఈ నాలుగు కోణాలూ మీ బండి జాతకం. తర్వాత చేసే ప్రతి మార్పునూ వీటితోనే పోల్చి చూస్తాం.

అంకె కావాలనుకునేవాళ్లకు రెండో పద్ధతి. షాకులు (షాక్ అబ్జార్బర్లు) కదలకుండా జిప్ టైలతో బిగించి, మోటారుకు ఉండే చిన్న పీనియన్ గేర్‌ను పక్కకు జరిపి చక్రాలు తేలిగ్గా తిరిగేలా చేయండి. ముందు చక్రాలు త్రాసు మీదే ఉంచి, వెనక చక్రాలను ఇంకో 110 మి.మీ. పైకి లేపండి. ముందు బరువు పెరుగుతుంది. నా బండికి 1400 కాస్తా 1554 అయింది, అంటే 154 గ్రాములు ఎక్కువ. 110ని 313తో భాగిస్తే 0.351, అది సైన్, కోణం 20.6 డిగ్రీలు, దాని ట్యాంజెంట్ 0.375. ఇప్పుడు 154ను 313తో గుణించి, 2800 ఇంటూ 0.375తో భాగిస్తే 46 మి.మీ. వస్తుంది. ఇది యాక్సిల్ మధ్య నుంచి ఎత్తు. యాక్సిల్ నేల నుంచి 52 మి.మీ. ఎత్తులో ఉంది కాబట్టి మొత్తం 98.

ఫోనులో క్యాలిక్యులేటర్ ఉంటే ఐదు నిమిషాల పని.

మూడో పని: తీసేయడం

ఇక్కడే అసలు లాభం ఉంది, ఇక్కడే మనసు ఒప్పుకోదు. టాప్ మీద క్యారియర్, దాని మీద బుల్లి డబ్బాలు, పైన లైట్ల పట్టీ, వెనక డోరుకు స్పేర్ టైరు. ఫోటోలో బాగుంటాయి. బండ మీద ఒక్కొక్కటీ బండిని వెనక్కి లాగే చేయి.

నా టాప్ క్యారియర్ బరువు 140 గ్రాములు, అది నేల నుంచి 230 మి.మీ. ఎత్తులో ఉండేది. అది తీయగానే సీజీ 98 నుంచి 91కి దిగింది. ఆ తర్వాత ముందు యాక్సిల్‌కు 180 గ్రాముల ఇత్తడి పెట్టినప్పుడు ఎంత దిగిందో తెలుసా? రెండు మి.మీ. డబ్బులు పోసి కొన్న ఇత్తడి రెండు, ఊరికే విప్పేసిన క్యారియర్ ఏడు. కారణం తేలికే. క్యారియర్ సీజీకి 130 మి.మీ. పైన ఉంది, ఇత్తడి సీజీకి 35 మి.మీ. కింద మాత్రమే ఉంది. దూరం ఎంత ఎక్కువైతే ఆ గ్రాముకు అంత పట్టు.

బాడీ సంగతి కూడా ఇంతే. గట్టి ప్లాస్టిక్ బాడీలు అందంగా ఉంటాయి, బరువు కూడా ఎక్కువే. పల్చటి పాలీకార్బొనేట్ షెల్ అందులో సగం కూడా తూగదు. గట్టి బాడీ వదులుకోలేకపోతే లోపలి సీట్లు, డ్రైవర్ బొమ్మ, గాజు ముక్కలు తీసి చూడండి. మా మేనల్లుడి బండిలో డ్రైవర్ బొమ్మ 60 గ్రాములు తూగింది. "డ్రైవర్ లేకుండా ఎట్ల మామా" అన్నాడు. తల, భుజాలు మాత్రం ఉంచి నడుము కింద కోసేశాం. కిటికీలోంచి చూసేవాడికి తేడా తెలియదు.

బాడీని చాసీ మీద ఐదారు మి.మీ. కిందికి దించగలిగితే దించండి. టైరు బాడీకి రాసుకుంటే ఫెండర్ లోపలి అంచు కోయాలి. ఆ ధైర్యం ఉన్నవాళ్లకు అది మంచి మార్పు.

నాలుగో పని: జరపడం

బండిలో జరపగలిగిన వస్తువుల్లో అన్నిటికంటే బరువైనది బ్యాటరీ. 3ఎస్ (మూడు సెల్స్ ఉన్న) 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) దాదాపు 190 గ్రాములు ఉంటుంది. 2ఎస్ 5000 ఎంఏహెచ్ గట్టి పెట్టె ప్యాక్ అయితే ఇంకా ఎక్కువ. బ్యాటరీ వెనక ఉండే బండి మీదైతే, దాన్ని ముందు యాక్సిల్ పైకి, వీలైనంత కిందికి తేవడమే మీ మొదటి ప్రాజెక్టు. నాది 220 మి.మీ. ముందుకు జరిగింది. 190ని 220తో గుణించి 313తో భాగిస్తే 133 గ్రాములు. అంటే వెనక చక్రాల మీది 133 గ్రాములు ముందు చక్రాల మీదికి వచ్చాయి, మొత్తం బరువు గ్రాము కూడా పెరగలేదు. క్యారియర్ తీశాక 50.6 ఉన్న ముందు వాటా 55.6 శాతానికి చేరింది, సీజీ కూడా 91 నుంచి 89కి దిగింది.

జరిపేటప్పుడు మూడు చూసుకోవాలి. సస్పెన్షన్ పూర్తిగా నొక్కినప్పుడు బ్యాటరీకి లింకులు, స్టీరింగ్ రాడ్ తగలకూడదు. వైరు డ్రైవ్ షాఫ్ట్ దగ్గరికి పోకూడదు. తిరిగే షాఫ్ట్‌కు వైరు చుట్టుకుంటే ఆ రోజు ఆట అక్కడితో అయిపోతుంది. ఇక బ్యాటరీ వెడల్పు. పొట్టిగా, సన్నగా ఉండే ప్యాక్ ముందు షాకుల మధ్యలో పడుతుంది, పొడవాటిది పడదు. కొత్త బ్యాటరీ కొనేముందు అట్టముక్కతో అదే కొలత పెట్టె చేసి, చాసీలో పెట్టి చూడండి. నేను అట్ట చేయకుండా కొన్న ప్యాక్ ఇప్పుడు టార్చిలైటుకు పనికొస్తోంది.

పెద్ద కెపాసిటీ బ్యాటరీ మీద మోజు కూడా తగ్గించుకోవచ్చు. క్రాలర్ నడిచేది నడక వేగంతో. చిన్న ప్యాక్‌లు రెండు జేబులో పెట్టుకుని మార్చుకుంటూ ఉంటే, బండి మీద ఎప్పుడూ ఒకదాని బరువే ఉంటుంది.

ఐదో పని: ఇప్పుడు ఇత్తడి

ఇక్కడిదాకా వచ్చాక కూడా ముందు తేలుతోందంటే బరువు చేర్చే సమయం వచ్చినట్టే. ఏది చేర్చాలన్నది సాంద్రతను బట్టి. ఘన సెంటీమీటరుకు అల్యూమినియం 2.7 గ్రాములు, ఉక్కు దాదాపు 7.8, ఇత్తడి 8.5 చుట్టుపక్కల, సీసం 11.3, టంగ్‌స్టన్ 19.3. అల్యూమినియం నకిల్ (యాక్సిల్ చివర ముందు చక్రాన్ని పట్టుకుని స్టీరింగ్‌తో తిరిగే ముక్క) తీసి అదే ఆకారంలో ఇత్తడి నకిల్ వేస్తే బరువు మూడింతలు అవుతుంది, చోటు ఏమీ అదనంగా పట్టదు. క్రాలర్ల ప్రపంచంలో ఇత్తడికి అంత గిరాకీ ఉండడానికి కారణం ఇదే.

ఎక్కడ పెట్టాలి? సీజీ కంటే కింద ఉన్న చోటే పెట్టాలి. సీజీ 89 మి.మీ. ఎత్తులో ఉంటే, 85 దగ్గర చాసీ పట్టీలకు అంటించిన సీసం వల్ల ఎత్తు దాదాపు మారదు, బండి మాత్రం బరువెక్కుతుంది. యాక్సిల్ ఎత్తులో, అంటే 50-55 మి.మీ. దగ్గర పెట్టిన బరువు పనిచేస్తుంది. పైగా అది స్ప్రింగుల కింద ఉంటుంది కాబట్టి స్ప్రింగు మోయక్కర్లేదు, మెత్తటి స్ప్రింగులనే ఉంచుకోవచ్చు.

నా వరుస ఇది. ముందు నకిళ్లు లేదా, ట్రాక్సాస్ టీఆర్ఎక్స్-4 లాంటి పోర్టల్ యాక్సిల్ (చక్రాల దగ్గర కూడా గేర్ల పెట్టెలుండే యాక్సిల్) బండి అయితే పోర్టల్ కవర్లు. తర్వాత ముందు డిఫ్ కవర్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె మూత). ఆ తర్వాత కూడా కావాలంటే చక్రాల లోపల పట్టీలు. చక్రంలో పెట్టిన బరువు యాక్సిల్ బేరింగుల మీద పడదు, నేరుగా టైరు మీద పడుతుంది, అది మంచి విషయం. కానీ స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) దాన్ని మోసుకు తిరగాలి. వెనక యాక్సిల్‌కు ఇత్తడి నేను పెట్టను. పక్కవాలుల్లోనే ఎక్కువ నడిపేవాళ్లు, ఎత్తైన బాడీ వదులుకోలేనివాళ్లు పెట్టుకుంటారు, వాళ్ల అవసరం వేరు.

ఎంత పెట్టాలి? నా అనుభవంలో చేర్చే బరువు బండి మొత్తం బరువులో పదో వంతు దాటితే లాభం కంటే తలనొప్పి ఎక్కువ. ముందు వాటా 57 నుంచి 62 శాతం మధ్య ఉంటే ఈ గుట్టలకు బాగుంటుంది. నా బండి క్యారియర్ తీశాక, బ్యాటరీ జరిపాక, 180 గ్రాముల ఇత్తడి పెట్టాక 2840 గ్రాముల దగ్గర ఆగింది. ముందు 1659, అంటే 58.4 శాతం. సీజీ 87 మి.మీ. పాత లెక్కే మళ్లీ వేస్తే 45 డిగ్రీల మీద ముందు వాటా 19 నుంచి 31 శాతానికి వచ్చింది. వెనక్కి పడే కోణం లెక్క ప్రకారం 58 నుంచి 64.5 డిగ్రీలకు పెరిగింది. సస్పెన్షన్ కుంగుతుంది, ట్రిగ్గర్ కుదుపు ఉంటుంది కాబట్టి బండ మీద ఇవి ఇంకా తక్కువే. కానీ తేడా నిజం.

దిగేటప్పుడు నష్టమెంత? ముక్కు మీద పడే కోణం 58 నుంచి 56 డిగ్రీలకే తగ్గింది. ఎత్తు తగ్గించాం కాబట్టి బతికిపోయాం. అదే ఆశకొద్దీ ముందు 70 శాతం పెడితే ఆ కోణం 47కి పడిపోతుంది. నేను ఒకసారి అలా పెట్టాను. మౌలాలి వైపు ఒక గుండు మీదికి రాజాలా ఎక్కింది. అవతలి వైపు దిగేటప్పుడు వెనక లేచి, మొక్కుతున్నట్టు ముక్కు మీద నిలబడి, అట్లాగే బోర్లా పడింది.

సామాను ఎక్కడ దొరుకుతుంది

మోడల్‌కు సరిపడే ఇత్తడి భాగాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. అవి ఖరీదైనవి, అన్ని బండ్లకూ రావు. ఊళ్లో వేరే దారులున్నాయి. కార్లకు వీల్ అలైన్‌మెంట్ చేసే షాపులో, చక్రాల బ్యాలెన్సింగుకు వాడే అంటించే పట్టీలు అడగండి. 5, 10 గ్రాముల ముక్కలు వరుసగా ఉంటాయి, ఎన్ని కావాలంటే అన్ని తుంచుకోవచ్చు. అయస్కాంతం అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే సీసం అయ్యుండొచ్చు. చేపల వలకు కట్టే సీసం గుండ్లు కూడా పనికొస్తాయి. ఇత్తడి కడ్డీలకు, స్క్రూలకు, బేరింగులకు రాణిగంజ్ వెళ్తాను. వైర్లు, కనెక్టర్లు, డబుల్ సైడ్ టేపు కోఠి గుజరాతీ గల్లీలో. డిఫ్ కవర్ లాంటిది సొంతంగా చేయించుకోవాలంటే బాలానగర్ వైపు లేత్ పనివాళ్లున్నారు. పాత ప్లాస్టిక్ కవర్‌ను చేతికిచ్చి "అన్నా, ఇదే కొలత, మందం రెండు మి.మీ. ఎక్కువ" అంటే చాలు. బొమ్మ కారు కోసమా అని నవ్వుతారు, పని మాత్రం శ్రద్ధగా చేస్తారు.

సీసంతో జాగ్రత్త. అది విషం. ఇంట్లో కరిగించొద్దు, అరగదీయొద్దు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి, బండికి పెట్టినదాన్ని టేపుతో పూర్తిగా చుట్టేయండి. పిల్లలు నడిపే బండికి అసలు వాడొద్దు, ఇనుప పట్టీలు పెట్టండి.

పట్టీలు అంటించే ముందు రిమ్‌ను స్పిరిట్‌తో తుడవాలి. స్క్రూలతో బిగించే బీడ్‌లాక్ రిమ్ అయితే విప్పి, నడి గాడిలో చుట్టూ అంటించి, పైన ఫోమ్, టైరు ఎక్కించండి. క్రాలర్ వేగానికి చక్రం బ్యాలెన్స్ అక్కర్లేదు, కానీ కుడి ఎడమ చక్రాల్లో సమానంగా ఉండాలి.

బరువు పెట్టాక వచ్చే పనులు

ఇత్తడి పెట్టిన మొదటి వారం నా బండి బండ మధ్యలో ఆగిపోయింది. ట్రిగ్గర్ నొక్కితే చలనం లేదు, రెండు సెకన్ల తర్వాత తనంతట తానే లేచింది. బరువెక్కిన చక్రాలు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు సర్వో ఎక్కువ కరెంటు లాగుతోంది, ఈఎస్‌సీలో ఉన్న బీఈసీ (రిసీవర్‌కు, సర్వోకు కరెంటు ఇచ్చే భాగం) అంత ఇవ్వలేక రిసీవర్ ఆరిపోతోంది. విడిగా బీఈసీ పెట్టి, 25 కిలోల పైన టార్కు ఉన్న సర్వో వేశాక ఆ బాధ పోయింది. అది జరిగేలోపు ప్లాస్టిక్ సర్వో హార్న్ (సర్వోకు తగిలించే చిన్న చేయి) పళ్లు కూడా అరిగిపోయాయి. కాబట్టి బరువుకు డబ్బులు పెట్టేవాళ్లు సర్వోకు, లోహపు హార్న్‌కు కూడా బడ్జెట్ పక్కన పెట్టుకోండి.

టైరు లోపలి ఫోమ్ రెండోది. ముందు బరువు పెరిగాక పాత మెత్తటి ఫోమ్ కుంగి, పక్కవాలులో టైరు గోడ మడతపడుతుంది. బండి పక్కకు జారుతోందని మనం అనుకుంటాం, నిజానికి టైరు మడతపడుతోంది. బండిని చదునులో పెట్టి ముందు నుంచి చూడండి. టైరు అడుగు కొంచెం పరుచుకుంటే మంచిది. రిమ్ రాయికి తగిలేంత కుంగితే కాస్త గట్టి ఫోమ్ కావాలి. బయట మెత్తగా, లోపల గట్టిగా ఉండే రెండు పొరల ఫోమ్ ఇందుకే.

స్ప్రింగుల విషయంలో గట్టిపడాల్సిన పని లేదు. బండి తన బరువుకే షాక్ ప్రయాణంలో మూడో వంతు నుంచి సగం దాకా కుంగి నిలబడాలి. బ్యాటరీ ముందుకు వచ్చాక ముందు మరీ కుంగితే ప్రీలోడ్ (స్ప్రింగును ముందే కాస్త నొక్కి ఉంచే రింగు) ఒకటి రెండు చుట్లు తిప్పండి, అంతే. ఎత్తు పెంచాలన్న కోరికతో స్ప్రింగు గట్టిది వేస్తే, కష్టపడి దించిన సీజీ మళ్లీ పైకెక్కి కూర్చుంటుంది.

ఎండాకాలం ఇంకో మాట. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటితే ఇక్కడి బండ పెనంలా కాలుతుంది. బరువెక్కిన బండికి మోటారు ఎక్కువ పనిచేస్తుంది. ప్రతి పది నిమిషాలకూ మోటారు మీద వేలు పెట్టి చూడండి, మూడు సెకన్లు ఉంచలేకపోతే నీడలో ఆపండి. 35 టర్న్ మోటారు (టర్న్ అంటే లోపలి తీగ చుట్ల లెక్క) ఇబ్బంది పెడితే 45 లేదా 55 టర్న్‌కు మారండి, లేదా పీనియన్ ఒకటి రెండు పళ్లు తగ్గించండి.

మెలిక

ట్రిగ్గర్ ఒక్కసారిగా నొక్కితే బండి ఒక పక్క ముందు మూల లేస్తుందా? తిరిగే షాఫ్టులకు ఎదురు దిశలో చాసీ మెలితిరుగుతోంది. షాఫ్ట్ డ్రైవ్ క్రాలర్లలో ఇది కొద్దో గొప్పో ఉంటుంది. బండి ముక్కును గోడకు ఆనించి చిన్నగా నొక్కి చూస్తే ఏ మూల లేస్తోందో తెలుస్తుంది. బ్యాటరీని ఆ లేచే పక్కకు పది, పదిహేను మి.మీ. జరపండి. చాలకపోతే వెనక సన్నటి స్వే బార్ (రెండు పక్కల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ) వేయండి. ఇందుకోసం కుడి ఎడమ తూకంలో తేడా 30 గ్రాములు దాటినా ఫరవాలేదు, ఇందాక చెప్పిన నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

చిన్న బండ్లు ఉన్నవాళ్లకు

ఆక్సియల్ ఎస్‌సీఎక్స్24 లాంటి 1/24 బండి మొత్తం సుమారు 300 గ్రాములే. దానికి 10 గ్రాములంటే నా బండికి 90 గ్రాములు పెట్టినట్టు. ముందు చక్రాల్లో ఐదేసి గ్రాములతో మొదలుపెట్టండి. డబ్ల్యూపీఎల్ లాంటి చవక బండ్లలో పట్టీ స్ప్రింగులు ఉంటాయి. వాటికి బరువు చాసీ మీద పెడితే స్ప్రింగు వంగి అట్లాగే ఉండిపోతుంది, యాక్సిల్‌కే కట్టండి.

బండ మీద పరీక్ష

హైదరాబాద్ రాయి గురించి రెండు ముక్కలు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు ఇది, ఉల్లిపొరల్లా పొరలు ఊడుతూ గుండ్రమవుతుంది. శుభ్రమైన బండ మీద మెత్తటి టైరు బల్లిలా పట్టుకుంటుంది. కానీ ఊడిన పొర పొడై మొరంలా బండ మీద చల్లినట్టు ఉంటుంది, దాని మీద ఏ టైరైనా జారుతుంది. మొరం మీద జారిన బండిని చూసి బరువు తక్కువైందనుకుంటే పొరపాటు. పరీక్షించే దారిని ముందు చీపురుతో ఊడవండి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

దారిని సుద్దముక్కతో గీసుకోండి, వెళ్లేముందు నీళ్లు పోసి తుడిచేయండి. రంగు వేయొద్దు, మెట్టు కోసం రాయి చెక్కొద్దు. ఈ గుట్టల్ని నిలబెట్టడానికి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు 1996 నుంచి కొట్లాడుతున్నారు. ఖాజాగూడలో దర్గాకూ గుడికీ వచ్చేవాళ్లుంటారు, బండలెక్కడం నేర్చుకునేవాళ్లుంటారు, వాళ్ల దారికి అడ్డం పడకుండా చోటు చూసుకోండి.

ఒక ఎక్కుడు, ఒక దిగుడు, ఒక పక్కవాలు ఎంచుకోండి. ఒక్కోదాని మీద పదిసార్లు, ఒకే వేగంతో. ఎన్నిసార్లు దాటిందో, పడితే ఎటు పడిందో రాసుకోండి. వెనక్కి పడితే ముందు వాటా చాలదు లేదా ఎత్తు ఎక్కువ. పడకుండా నాలుగు చక్రాలూ తిరుగుతూ ఉన్నచోటే ఉంటే అది బరువు సమస్య కాదు, టైరుది లేదా మొరానిది. ముందు చక్రాలు పట్టుకుని వెనకవి పట్టు లేక జారుతుంటే ముందు బరువు ఎక్కువైందేమో, ఒక పట్టీ తీసి చూడండి. ఒకసారి ఒకటే మార్పు. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

నా నోటుబుక్కులో ఆ నిక్కే బండకు మొదటి పేజీలో పదికి ఒకటి అని ఉంది. క్యారియర్ తీశాక మూడు. బ్యాటరీ జరిపాక ఆరు. ఇత్తడి పెట్టాక ఏడు. మిగిలిన మూడింటిలో రెండుసార్లు నేను ట్రిగ్గర్ తొందరగా నొక్కాను, మేనల్లుడు అదీ పక్కన రాసి పెట్టాడు. మూడోసారి ఎడమ ముందు మూల లేచి పడింది. వచ్చే ఆదివారం బ్యాటరీని పది మి.మీ. ఎడమకు జరిపి చూడాలి.